‘ఆర్కమ్ అసైలమ్’ చదవడం ఎలా? సగంలో మూసేసినవాళ్ళకి, ఇంకా తెరవనివాళ్ళకి

బ్యాట్‌మ్యాన్ అంటే పడిచచ్చేవాళ్ళు నలుగురున్న ఏ గ్రూపులోనైనా ఈ పుస్తకం మాట ఎత్తి చూడండి. ఒకడు ఇంతకు మించిన పుస్తకం లేదంటాడు. ఇంకొకడు "ఏం బుక్ భై అది, ఒక్క ముక్క సమజ్ కాలే, పైసలు దండగ" అంటాడు. మూడోవాడు చదవలేదు గానీ గేమ్ ఆడా అంటాడు. నాలుగోవాడి ఇంట్లో షెల్ఫులో ఉంటుంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పి ఉండడు. నేను మొదటివాడి పక్కనే కూర్చుంటా, అలాగని రెండోవాడి మాట తీసిపారేయను, ఎందుకంటే ఈ పుస్తకం నిజంగానే చదివేవాణ్ణి సతాయిస్తుంది. కాకపోతే ఆ సతాయింపులో సగం మనం మొదలుపెట్టే తీరు వల్ల వస్తుంది. మామూలు కామిక్‌లాగా మాటలు చదువుతూ, బొమ్మల మీద ఓ చూపు పడేసి, తర్వాత ఏమవుతుందో అని పేజీ తిప్పితే ఇరవై పేజీలకే నీరసం వస్తుంది. వరస మార్చి చదవండి.

పుస్తకం ఏంటో ముందు రెండు ముక్కల్లో చెప్తా. పూర్తి పేరు ‘ఆర్కమ్ అసైలమ్: ఎ సీరియస్ హౌస్ ఆన్ సీరియస్ ఎర్త్’. 1989లో డీసీ కామిక్స్ వేసింది. రాసింది గ్రాంట్ మారిసన్, బొమ్మలు వేసింది డేవ్ మెకీన్. ఆర్కమ్ అనేది గోథమ్ నగరంలో నేరాలు చేసిన మానసిక రోగుల్ని పెట్టే ఆసుపత్రి. ఏప్రిల్ 1న రోగులంతా కలిసి దాన్ని చేజిక్కించుకుంటారు. వాళ్ళలో ఒకడైన విలన్ జోకర్ ఫోన్ చేసి, బ్యాట్‌మ్యాన్ లోపలికి రావాలి, లేకపోతే మా చేతిలో ఉన్నవాళ్ళ సంగతి మీకు తెలుసు కదా అంటాడు. బ్యాట్‌మ్యాన్ వెళ్తాడు. పైకి కనిపించే కథ ఇంతే. ఛేజింగులు లేవు, కారు లేదు, గాడ్జెట్లు దాదాపు లేవు, హీరో చివర్లో వచ్చి ఇరగదీసే సీను కోసం చూస్తే మాత్రం మీరు తప్పు హాల్లో కూర్చున్నట్టే.

కొనేముందు

కామిక్స్ అంటే పిల్లలవే కదా, బాబు బర్త్‌డేకి ఇద్దాం అనుకునే పిన్నులు, బాబాయిలు ఉంటారు. బాబాయ్, వద్దు. ఇందులో చిన్నపిల్ల హత్య ఉంది, తనను తాను గాయపరచుకునే పేజీ ఉంది, లైంగిక హింస ప్రస్తావన ఉంది, అవి ఊరికే చెప్పి వదిలేసినవి కూడా కాదు, బొమ్మల్లో మీ ముందుకు వస్తాయి. పెద్దవాళ్ళలో కూడా ఈమధ్య మనసు బాగోక ఇబ్బంది పడుతున్నవాళ్ళుంటే ఇప్పుడే చదవక్కర్లేదు, పుస్తకం ఎక్కడికీ పోదు. మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది.

కొనేటప్పుడు వెనక స్క్రిప్టు ఉన్న ఎడిషన్ చూసుకోండి. 2004లో వచ్చిన పదిహేనేళ్ళ ఎడిషన్‌లో మారిసన్ రాసిన పూర్తి స్క్రిప్టు, దాని మీద తనే రాసుకున్న వివరణలు చేర్చారు, 2014లో పాతికేళ్ళ ఎడిషన్ వచ్చింది. ఆన్‌లైన్లో కొంటే ‘యానివర్సరీ ఎడిషన్’ అనే మాట కవరు మీద ఉందో లేదో చూసి ఆర్డర్ పెట్టండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో దొరకడం అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం, దొరికితే బేరమాడే ముందు పేజీలు మొత్తం ఉన్నాయా, నీళ్ళు తగిలి అంటుకుపోయాయా చూసుకోండి, ఇలాంటి నున్నటి కాగితం ఒకసారి తడిసిందంటే రెండు పేజీలు ఒకటైపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. బుక్ ఫెయిర్‌లోనో కామిక్ కాన్ స్టాల్లోనో కనిపిస్తే కొనకపోయినా ఓ పది నిమిషాలు నిలబడి తిప్పి చూడండి, మీకు సరిపడుతుందో లేదో ఆ పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఫోన్లో మాత్రం వద్దు. ఇది నా చాదస్తం కాదు, దీని పేజీల కట్టుబడే అలాంటిది. చాలా పేజీల్లో గడులు సన్నగా, నిలువుగా, పైనుంచి కింద దాకా సాగి ఉంటాయి. కొన్ని చోట్ల బొమ్మ రెండు పేజీల మీదుగా పరుచుకుంటుంది. ఫోన్లో యాప్ ఒక్కో గడిని విడదీసి చూపిస్తే ఆ నిలువు గడి మీకు ఓ చీకటి గీతలా కనిపిస్తుంది, పక్క గడితో దానికున్న సంబంధం పోతుంది. పెద్ద ట్యాబ్ ఉంటే పర్వాలేదు, అది కూడా పేజీ మొత్తం ఒకేసారి కనిపించేలా పెట్టుకుని.

వెలుతురు సంగతి. మెకీన్ బొమ్మల్లో రంగు, ఫొటో, కొల్లాజ్ అన్నీ కలిసిపోయి ఉంటాయి, నలుపు ఎక్కువ, ఆ నలుపులో కూడా నాలుగైదు రకాలు. ట్యూబ్‌లైట్ కింద నున్నటి కాగితం తళుక్కుమని మెరిసి సగం బొమ్మని మింగేస్తుంది. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చోండి. అమీర్‌పేటలో మెట్రో మారుతూ చదివే పుస్తకం కాదిది.

బుర్రలోంచి తీసేయాల్సినవి

2009లో ‘ఆర్కమ్ అసైలమ్’ పేరుతోనే వీడియో గేమ్ వచ్చింది కదా, హైదరాబాద్‌లో చాలామందికి ఈ పేరు అక్కణ్ణుంచే తెలుసు. గేమ్ బాగుంటుంది, నేనూ ఆడాను, కానీ కథ వేరు. పేరు, చోటు, అమేడియస్ ఆర్కమ్ అనే మనిషి నీడ, ఇంతవరకే పోలిక. గేమ్‌లో బ్యాట్‌మ్యాన్ ఒక్కొక్కణ్ణి కొట్టుకుంటూ పోతాడు, పుస్తకంలో బ్యాట్‌మ్యాన్ దాదాపు మొత్తం భయపడుతూ ఉంటాడు. లోపలికి వెళ్ళేముందు కమిషనర్ గోర్డన్‌తో ఆ మాటే ఒప్పుకుంటాడు: ఆ గేటు దాటితే సొంతింటికి వచ్చినట్టే ఉంటుందేమోనని నా భయం అని. పుస్తకం మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది, అక్కడ వేలు పెట్టి ఉంచుకోండి.

‘ఇలాంటి బ్యాట్‌మ్యాన్ ఏంటి, అసలు మా బ్యాట్‌మ్యానేనా’ అనే కోపం వస్తే దానికీ ఓ లెక్కుంది. 1980ల మధ్యలో అమెరికన్ కామిక్స్‌లో బ్యాట్‌మ్యాన్ కరుడుగట్టిన, ఆవేశం తప్ప మరోటి తెలియని, పిచ్చికి ఓ మెట్టు కింద ఉన్న మనిషిగా మారిపోయాడు, అందరూ దాన్ని చూసి చప్పట్లు కొడుతున్నారు. బిగుసుకుపోయి, ఎవరూ ముట్టుకుంటే ఓర్చుకోలేని ఈ బ్యాట్‌మ్యాన్‌ని ఆ ధోరణి మీద విమర్శగానే రాశానని మారిసన్ తర్వాత చెప్పారు. అంటే మీకు చిరాకు తెప్పించడమే ఉద్దేశం. చిరాకు పడండి, ఆపకండి.

మొదటిసారి: మాటలు చదవకుండా

పుస్తకం మొత్తం ఒకసారి బొమ్మలు మాత్రమే చూస్తూ తిప్పండి. నవ్వొస్తుందని తెలుసు. అరగంట కూడా పట్టదు, చేయండి. కథ తెలుసుకోవడానికి కాదు, కళ్ళని ఆ చీకటికి అలవాటు చేయడానికి.

ఈ తిప్పుడులో ఒక్కటే వెతకండి: బ్యాట్‌మ్యాన్ ముఖం. ఎక్కడైనా సరిగ్గా, పూర్తిగా కనిపిస్తుందేమో చూడండి. కనిపించదు. రెండు చెవులున్న నల్లటి నీడ, ఓ చెయ్యి, ఓ గడ్డం, అంతే. అదే జోకర్ దగ్గరికి వస్తే కళ్ళలో ఎర్రజీరలు, పళ్ళు, గోళ్ళు, ఆకుపచ్చ జుట్టు, అన్నీ మీ మొహం మీదకి వచ్చేస్తాయి. హీరోని దాచిపెట్టి విలన్‌ని ఎందుకింత దగ్గరగా చూపించాడు? మాటలు చదవకముందే ఈ ప్రశ్న మీలో పుడితే ఆ అరగంట వసూలైనట్టే. ఇంకా ఓపికుంటే మళ్ళీ మళ్ళీ వచ్చే వస్తువుల్ని గమనించండి, చందమామ, పేకముక్కల్లాంటి కార్డులు, బొమ్మరిల్లు, పురుగు. వాటికి అర్థాలు వెతక్కండి, ఎక్కడ చూశారో గుర్తుంటే చాలు.

రెండోసారి: ఎవరి గొంతు వాళ్ళకి

ఇప్పుడు మాటలు. ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు, కారణం జోకర్. అతని మాటలకి బుడగ ఉండదు. ఎర్రసిరా, చింపినట్టున్న అక్షరాలు, చుట్టూ చిమ్మిన మరకలు, కొన్ని చోట్ల కింద బొమ్మలో కలిసిపోతాయి కూడా. చదవడం కష్టం, అబద్ధం ఎందుకు. అక్షరాలు రాసిన గ్యాస్పర్ సలాడినో ఈ రంగంలో తలపండిన మనిషి, చేతకాక అలా రాయలేదు. బ్యాట్‌మ్యాన్ మాటలు నల్ల బుడగలో తెల్ల అక్షరాలు, అచ్చం అతని డ్రెస్సులాగే. తనను తాను గ్రీకు దేవుడనుకునే విలన్ మాక్సీ జ్యూస్ మాటలు గ్రీకు లిపి పోలికలో ఉంటాయి. ఒక్కొక్కరికీ ఒక్కో రాత, వాళ్ళ గొంతు అది. రేడియో నాటకంలో గొంతుని బట్టి మనిషిని పోల్చుకుంటాం చూశారా, ఇక్కడ ఆ పని కన్ను చేయాలి.

ఒక చిట్కా చెప్తా, పనిచేస్తుంది. జోకర్ మాటల్ని పైకి చదవండి, గట్టిగా కాకపోయినా పెదాలు కదిపి. ఆ గీతల్ని కంటితో పరిగెత్తించలేం కాబట్టి మెల్లగా, ఒక్కో పదం తడుముకుంటూ చదవాల్సి వస్తుంది, అప్పుడు అతని మాటల్లో ఉన్న ఊగిసలాట, పాటలాంటి ఎగతాళి వినిపిస్తాయి. ఇంట్లో అమ్మ "ఎవరితో మాట్లాడుతున్నావురా" అని అడుగుతుంది, అడగనివ్వండి. ఒక్క పేజీలో ఒక్క మాట అస్సలు అందకపోతే వదిలేసి ముందుకెళ్ళండి, ఆ మాట లేకపోయినా కథ ఆగదు.

ఇంకో సంగతి. మొదట్లో ఫోన్లో జోకర్ ఆసుపత్రి వంటగదిలో పనిచేసే ఓ అమ్మాయిని పెన్సిలుతో ఏదో చేయబోతున్నట్టు భయపెడతాడు. ఆ రోజు తేదీ ఏంటో మర్చిపోకండి. ఏప్రిల్ 1 అనేది ఈ పుస్తకంలో అలంకారానికి పెట్టిన తేదీ కాదు, రెండు కథల్లోనూ పడే దెబ్బ ఆ తేదీ మీదే పడుతుంది.

రెండు కథలున్నాయి, విడదీసి పట్టుకోండి

రెండు కథలంటే ఒకటి ఆ రాత్రి బ్యాట్‌మ్యాన్‌ది. రెండోది 1920ల నాటిది, ఆసుపత్రి పెట్టిన డాక్టర్ అమేడియస్ ఆర్కమ్ డైరీ. తండ్రి పోయాడు, తల్లికి మతి చెదిరింది, ఆ పెద్ద ఇల్లే ఆ పిల్లాడికి లోకం. పెద్దయ్యాక డాక్టరై, అదే ఇంటిని తల్లిలాంటివాళ్ళ కోసం ఆసుపత్రిగా మారుస్తాడు. తర్వాత అతని భార్యకి, కూతురికి ఏం జరిగిందో, దానికి అతనేం చేశాడో నేను చెప్పను. బొమ్మరిల్లు ఉన్న పేజీ దగ్గరికొస్తే మీకే తెలుస్తుంది, అక్కడ కాసేపు ఆగి టీ తాగండి.

ఈ డైరీ మధ్యమధ్యలో చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది. ఇక్కడ కాలం మారింది అని బోర్డు పెట్టడు. అందుకే సమజ్ కాలే అనే మాట పుడుతుంది. నేనైతే చదివేవాళ్ళకి రెండు రంగుల కాగితం చీటీలు ఇస్తా, డైరీ మొదలైన చోట ఒక రంగు, బ్యాట్‌మ్యాన్ తిరిగొచ్చిన చోట ఇంకోటి, పుస్తకం పై అంచుకి పెట్టుకుంటూ పొమ్మంటా. పెన్సిలుతో గీయకండి, ఆ నున్నటి కాగితం మీద మరక పోదు. సగానికి వచ్చేసరికి ఓ విషయం కనిపిస్తుంది: ఒక కథలో జరిగినదానికి ఇంకో కథ పక్క గదిలోంచి జవాబు చెబుతుంటుంది. ఇక్కడ తల్లి, అక్కడా తల్లి. ఇక్కడ ఇంట్లోకి అడుగుపెట్టిన మనిషి, అక్కడ ఇంట్లోంచి బయటికి రాలేని మనిషి.

కథని ఓ ఇల్లు కట్టినట్టు కట్టానని మారిసన్ స్వయంగా రాశారు. అమేడియస్ గతం నేలమాళిగ, అక్కణ్ణుంచి దొంగదారులు పై గదుల్లోకి వెళ్తాయి, చివరికి ఆ ఇల్లు, మనిషి తలకాయ వేరువేరు కావు. ఇది పట్టుకుంటే ‘తర్వాత ఏమైంది’ అనే తొందర తగ్గిపోతుంది, ఇప్పుడు ఏ గదిలో ఉన్నాం అనేదే ముఖ్యం అవుతుంది. పేరులో ఉన్న ‘సీరియస్ హౌస్’ కూడా ఊరికే రాలేదు, ఫిలిప్ లార్కిన్ ‘చర్చ్ గోయింగ్’ పద్యంలోది, నమ్మకం లేని ఓ మనిషి ఖాళీ చర్చిలోకి వెళ్ళి ఇక్కడికి ఎందుకొచ్చానా అనుకునే పద్యం అది. బ్యాట్‌మ్యాన్ పరిస్థితి కూడా అదే మరి.

నా మట్టుకు నాకు డైరీ భాగమే అసలు పుస్తకం. బ్యాట్‌మ్యాన్ భాగంలో విలన్లు వరసగా వచ్చి ఒక్కో పేజీ నటించి వెళ్ళిపోతారు, కొందరు ఎందుకొచ్చారో కూడా గుర్తుండదు. అమేడియస్ మాత్రం వదలడు. ఈ మనిషిని మారిసన్ గాల్లోంచి పుట్టించలేదు. ఆసుపత్రి పేరు బ్యాట్‌మ్యాన్ కామిక్స్‌లో 1974 నుంచీ ఉంది, అమేడియస్ చరిత్రని లెన్ వైన్ 1980ల మధ్యలో ఓ పరిచయ వ్యాసంలో కొద్ది వాక్యాల్లో రాశారు. ఆ కొద్ది వాక్యాల్లోంచి ఇంత తవ్వారు.

ఆగాల్సిన చోట్లు

సిరా మరకల పరీక్ష. డాక్టర్ రూత్ ఆడమ్స్ ఓ కార్డు చూపించి ఏం కనిపిస్తోంది అని అడుగుతుంది. బ్యాట్‌మ్యాన్ ఏమీ కనిపించడం లేదంటాడు. బొమ్మ మాత్రం మీకు వేరే చూపిస్తుంది. మాట ఒకటి, బొమ్మ ఒకటి, రెండూ కొట్టుకుంటున్న చోట బొమ్మనే నమ్మండి. పుస్తకం మొత్తానికీ ఇదే సూత్రం. వెంటనే ఆవిడ ఒక్కో పదం చెప్పి, తోచిన పదం చెప్పమంటుంది. ‘అమ్మ’ అనగానే అతను ‘ముత్యం’ అంటాడు. ఎందుకు ముత్యమో బ్యాట్‌మ్యాన్ బాల్యం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి: సందులో తల్లిదండ్రుల్ని కాల్చినప్పుడు తల్లి మెడలో హారం తెగి ముత్యాలు రాలాయి. ఇప్పుడు ఓసారి వెనక్కెళ్ళి, ఫోన్లో జోకర్ బెదిరించిన ఆ వంటింటి అమ్మాయి పేరేంటో చూడండి.

టూ-ఫేస్. ఇతనికి సగం మొహం కాలిపోయి ఉంటుంది, ఏ నిర్ణయమైనా ఒక పక్క గీతలు పెట్టిన నాణెం ఎగరేసి తీసుకుంటాడు. డాక్టర్లు అతన్ని బాగుచేస్తున్నాం అనుకుని నాణెం లాక్కుని ముందు పాచిక ఇస్తారు, అంటే ఆరు దారులు, తర్వాత జోస్యానికి వాడే టారో కార్డుల కట్ట ఇస్తారు, డెబ్భై ఎనిమిది దారులు. ఫలితం, బాత్రూమ్‌కి వెళ్ళాలా వద్దా అనేది కూడా తేల్చుకోలేని స్థితికి వచ్చేస్తాడు. వైద్యం మీద ఇంత చేదు జోకు నేను ఇంకో సూపర్‌హీరో పుస్తకంలో చూడలేదు. ఇతన్ని మర్చిపోకండి, చివరి పేజీల్లో పని ఉంది. అక్కడ నాణెం ఎటు పడిందని అతను నోటితో అంటాడో, బొమ్మలో నాణెం ఏ పక్క చూపిస్తోందో, రెండూ చూడండి. చాలామంది ఇది గమనించకుండానే పుస్తకం మూసేసి, ముగింపు తుస్సుమంది అంటారు.

గాజుపెంకు పేజీ. సిరా మరకల, పదాల పరీక్షల తర్వాత బ్యాట్‌మ్యాన్ ఒంటరిగా ఉన్నప్పుడు వస్తుంది. దాని గురించి ఇంకేం చెప్పను. చూడలేకపోతే తిప్పేయండి.

మొసలిలాంటి విలన్ కిల్లర్ క్రాక్‌తో పోరాటం చూడ్డానికి గొప్పగా ఉంటుంది, అర్థాల బరువు మాత్రం మోయలేనంత, త్వరగా దాటేయొచ్చు.

గుర్తుల జోలికి ఎంతవరకు

టారో, ఈజిప్టు పురుగు, మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్, ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’, చేపలు, క్రీస్తు గాయం, అన్నీ ఉన్నాయి. ఆన్‌లైన్లో ఒక్కోదానికి పేజీలకి పేజీలు వివరణలు దొరుకుతాయి. మొదటిసారి చదివేటప్పుడు ఒక్కటి కూడా తెరవకండి, టెన్షన్ పెరగడం తప్ప లాభం లేదు. నాకు తెలిసి ఉపయోగపడేది ఒకటే, టారోలో చంద్రుడి కార్డుకి భ్రమ, భయం, లోపలి చీకటి అనే అర్థాలు చెబుతారు. అది తెలిస్తే బొమ్మల్లో చందమామ ఎందుకన్నిసార్లు ఉందో అర్థమవుతుంది. మిగతాది పరీక్షకి చదివేవాళ్ళకి వదిలేయండి.

ఎర్రగడ్డ సంగతి

మన ఊళ్ళో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డలో వేయాలి" అనేస్తాం. మెట్రోలో మియాపూర్ వైపు నుంచి వస్తుంటే భరత్‌నగర్ దాటాక స్టేషన్ పేరు వినపడగానే నీ స్టాప్ వచ్చింది దిగు అనే కాలేజీ పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. అక్కడున్నది మానసిక ఆరోగ్య సంస్థ, జబ్బు చేస్తే వైద్యం కోసం వెళ్ళే చోటు, ఆ ఓపీ లైన్లో నిలబడ్డవాళ్ళలో మన బంధువులు, స్నేహితులు ఉంటారు, బయటికి చెప్పరంతే.

ఈ పుస్తకం మీద వచ్చే విమర్శల్లో నేను పూర్తిగా ఒప్పుకునేది ఇక్కడే. ఆర్కమ్‌లో రోగి అంటే రాక్షసుడే. జబ్బు ఉన్నవాడు, హంతకుడు ఒకటే అన్నట్టు ఉంటుంది. కాస్త మంచి మనసున్న డాక్టరు కూడా చివరికి చీకట్లోనే తేలతాడు. 1989లో కాబట్టి అనుకున్నా, జోకర్ బ్యాట్‌మ్యాన్‌ని ఏడిపించే కొన్ని జోకులు స్వలింగ సంపర్కుల్ని వెక్కిరించడం మీదే బతుకుతాయి, అప్పట్లో నవ్వారేమో గానీ ఇప్పుడు చదివితే ఒళ్ళు గగుర్పొడవడానికి బదులు విసుగొస్తుంది. కల కాబట్టి కలలో అన్నీ అతిగానే ఉంటాయి అని సమర్థించేవాళ్ళున్నారు. కొంతవరకు నిజం. టూ-ఫేస్ భాగంలో పుస్తకం వైద్యుల గర్వాన్ని గట్టిగా నిలదీస్తుంది, అది కూడా లెక్కలో వేయాలి. అయినా ‘పిచ్చాసుపత్రి అంటే భయపడాల్సిన ఇల్లు’ అనే మాట మాత్రం మన ఎర్రగడ్డ జోకుకి పెద్దన్నే. చదివేటప్పుడు దీన్ని మనసులో ఓ పక్కన పెట్టుకోండి, పుస్తకాన్ని ఇష్టపడుతూనే దీని మీద కోపం తెచ్చుకోవచ్చు, రెండూ ఒకే మనిషిలో పడతాయి.

వాదనకి దిగేముందు

చదివారు. ఇక ఇరానీ హోటల్లో కూర్చుని కొట్లాడతారు, అది ఎలాగూ తప్పదు. "మాస్టర్‌పీస్", "చెత్త" అనే రెండు మాటలు టేబుల్ మీద నిషేధించండి, ఆ రెండింటి తర్వాత ఎవ్వరూ ఏమీ చెప్పలేరు. బదులుగా అవతలివాణ్ణి అడగండి, అన్నా, నీకు బొమ్మలు నచ్చలేదా, రాత నచ్చలేదా? ఇవి రెండూ వేర్వేరు జవాబులు. మెకీన్ బొమ్మలు అందంగా ఉన్నా కథ చెప్పడానికి అడ్డొస్తున్నాయి అనేవాడి దగ్గర సరుకుంది, కొన్ని పేజీల్లో ఎవరు ఎవర్ని కొట్టారో మూడుసార్లు చూసినా తెలియదు. రాత మరీ తెలివి ప్రదర్శన అనేవాడి దగ్గరా సరుకుంది. బ్యాట్‌మ్యాన్ ఇలా ఉండడు అనేవాడితో మాత్రం ఎక్కువసేపు కూర్చోకండి, చాయ్ చల్లారిపోతుంది.

ఇంకోటి అడగండి: ఆ రాత్రి నిజంగా జరిగిందా, బ్యాట్‌మ్యాన్‌కి వచ్చిన కలా? కల అన్నవాళ్ళని ఏ పేజీ నుంచి అని అడగండి. అక్కడ అసలు సరదా మొదలవుతుంది, పుస్తకం మళ్ళీ తెరుచుకుంటుంది.

స్క్రిప్టు, అన్నిటికన్నా చివర్లో

వెనకున్న స్క్రిప్టు, వివరణలు ముందే చదివితే పుస్తకం చచ్చిపోతుంది, ప్రతి గడికీ మాస్టారు పక్కన నిలబడి అర్థం చెప్పినట్టు ఉంటుంది. కనీసం ఓ నెల గడవనివ్వండి. తర్వాత చదివితే భలే సంగతులు తెలుస్తాయి. మారిసన్ మొదట్లో అనుకున్నది ఇంత పెద్ద పుస్తకం కాదు, మెకీన్ చేతికి వెళ్ళాక పేజీలు పెరిగాయి. బ్యాట్‌మ్యాన్ జోడీ రాబిన్ కూడా ఉండాల్సింది, మెకీన్‌కి అతన్ని వేయడం ఇష్టం లేక తీసేశారు. జోకర్‌ని గాయని మడోనా వేషంలో చూపించాలని రాస్తే కంపెనీ ఒప్పుకోలేదు. ఇవి సరదాకి.

అసలు పని వేరే. ఏదో ఒక పేజీ ఎంచుకుని, సిరా మరకల పరీక్షే అనుకోండి, స్క్రిప్టులో దాన్ని మాటల్లో చదివి, తర్వాత బొమ్మ పేజీ తెరవండి. రాసినదాంట్లో ఏది బొమ్మలోకి వచ్చింది, ఏది రాలేదు, మెకీన్ సొంతంగా ఏం కలిపారు. ఇలా నాలుగైదు పేజీలు చేస్తే, ఈ పుస్తకం మీద మీకున్న కోపం మారిసన్ మీదో మెకీన్ మీదో తేలిపోతుంది, ఇష్టం అయినా అంతే. ఇవన్నీ చేసినా మీకు నచ్చకపోతే, రంగు చీటీలు పెట్టుకున్నారు కదా, వాటి సాయంతో అమేడియస్ డైరీ ఒక్కటే మొదటి నుంచి చివరి దాకా వరసగా చదివేయండి, బ్యాట్‌మ్యాన్ పేజీలన్నీ దాటేసి. అది కూడా ఎక్కలేదంటే ఇది మీ పుస్తకం కాదు, ఎవరికైనా ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు స్క్రిప్టు పేజీలన్నిటికీ కలిపి ఓ రబ్బరుబ్యాండు వేసి ఇవ్వండి, లేకపోతే వాళ్ళు అక్కణ్ణుంచే మొదలుపెడతారు.